ఆటగాండ్ర మార్పిడిలో నేర్పరి: బ్రాంచ్ రికీ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో మన యెరిగిన క్రికెట్టు ఆటకు దాయాది యనదగిన బేస్‌బాల్ అను నొక ఆట కలదు. అది వసంతకాలమున ఆరంభమై శరత్కాలమున ముగియును. పిమ్మట మంచు కురియును, మైదానములు మూతపడును. అయినను ఆ దేశపు జనులకు ఆట ముగిసినట్లు కాదు. పూర్వకాలమున వారు ఊరి యంగడిలో ఇనుప పొయ్యి చుట్టును గూర్చుండి, చలి కాచుకొనుచు, తమ జట్టు యజమాని యెవనిని కొనెను, ఎవనిని అమ్మెను, ఎవనికి బదులుగా ఎవనిని తెచ్చెను అని వాదులాడుకొనుచుండిరి. ఈ చలికాలపు వాదములకు వేడిపొయ్యి లీగు అని పరిహాసనామము కలిగినది. పొయ్యిలు పోయినను ఆ పేరు పోలేదు. నలుబది యేండ్లకు పైగా ఈ వాదములయందు మిక్కిలి తిట్లును మిక్కిలి మెప్పును పొందిన వాడు బ్రాంచ్ రికీ. ఆయన ఆటగాడుగా గొప్పవాడు కాడు. ఆటగాండ్రను ఎన్నుటయందును, పెంచుటయందును, సరియైన సమయమున వదలుకొనుటయందును ఆయనకు సాటివారు లేకుండిరి.

ఆయన పూర్తిపేరు వెస్లీ బ్రాంచ్ రికీ. 1881వ సంవత్సరము డిశంబరు 20వ తేదీన ఒహాయో రాష్ట్రమున స్టాక్‌డేల్ అను పల్లెయందు ఒక సేద్యగాని యింట జన్మించెను. తలిదండ్రులు మెథడిస్టు సంఘమునకు చెందిన భక్తులు. కుమారునకు ఆ సంఘస్థాపకుడైన జాన్ వెస్లీ పేరు పెట్టుకొనిరి. యౌవనమున రికీ టర్కీ క్రీక్ అను చోట పల్లెబడిలో ఉపాధ్యాయుడుగా నుండి, తీరిక వేళల పుస్తకములు ముందుంచుకొని లాటిను భాషను తనంతట తాను నేర్చుకొనెను. చేత పైకము లేని యా బడిపంతులు అటుపిమ్మట ఒహాయో వెస్లియను కళాశాలలో చేరి, ఆటలాడి సంపాదించిన సొమ్ముతో చదువు సాగించెను. ఈ సంగతి వ్రాయునప్పుడు మా వృత్తివారికి కొంత గర్వము కలుగుట సహజమే కదా!

ఆదివారమున ఆట మైదానమునకు పోనని ఆయన తల్లికి మాట యిచ్చియుండెను. 1904లో సిన్సినాటి జట్టువారు ఆయనను చేర్చుకొనిరి. ఆదివారము ఆడనని తెలిసినంతనే, ఒక్క పందెమైన ఆడనీయకయే పంపివేసిరి. పిమ్మట సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టునను, న్యూయార్కు హైలాండర్స్ జట్టునను కొంతకాలము వికెట్టు కాపరి వంటి క్యాచరుగా ఆడెను. 1907వ సంవత్సరము జూను 28వ తేదీన చేయి నొప్పిగా నున్నను ఆడవలసివచ్చి, వాషింగ్టను జట్టువారు ఒక్క ఆటలో పదుమూడు పర్యాయములు తన కన్ను గప్పి పరుగిడగా చూచుచు నిలువవలసివచ్చెను. అట్టి అపకీర్తి ఆ ఆటలో మరియే క్యాచరునకును కలుగలేదు. ఆటగాడుగా ఆయన చరిత్ర యింతటితో దాదాపు ముగిసెను. అంతట క్షయరోగము సోకెను. సారనాక్ లేక్ అను చల్లని ప్రదేశమున చికిత్స పొంది కోలుకొని, మిషిగను విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము చదివి 1911లో పట్టము పొందెను. ఐడాహో రాష్ట్రమున న్యాయవాదిగా కూర్చుండెను గాని కక్షిదారులు రాలేదు. మరల ఆటనే ఆశ్రయించి 1913లో బ్రౌన్స్ జట్టునకు మేనేజరాయెను.

ఇచ్చట ఆ కాలపు ఒడంబడికల సంగతి కొంత చెప్పనిదే తరువాతి కథ బోధపడదు. 1879లో జట్ల యజమానులు తమలో తాము చేసికొన్న యొక కట్టుబాటు క్రమముగా ఆటగాండ్రందరి మెడకును చుట్టుకొనెను. ఏడాది గడువు తీరినను ఆటగాడు తన యిష్టము వచ్చిన జట్టునకు పోరాదు. యజమాని యిచ్చిన జీతము పుచ్చుకొని ఆడవలెను, లేదా ఆట మానుకొని యింట గూర్చుండవలెను. యజమాని మాత్రము వానిని అమ్మవచ్చును, మార్చవచ్చును, వెడలగొట్టవచ్చును. తెల్లవారి వార్తాపత్రిక తెరచి చూచినగాని తాను వేరొక నగరమునకు అమ్ముడుపోయితినని యెరుగని ఆటగాండ్రు కూడ నుండిరి. 1922లో ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము ఈ యేర్పాటుకు అడ్డు చెప్పలేదు. 1969లో కర్ట్ ఫ్లడ్ అను నల్లజాతి యాటగాడు తన్ను ఫిలడెల్ఫియాకు మార్చుటకు ఒప్పుకొనక వ్యాజ్యెము వేసి, 1972లో ఓడిపోయెను. 1975వ సంవత్సరాంతమున ఒక మధ్యవర్తి తీర్పు వలన ఆ బంధము తెగెను. రికీ జీవితకాలమంతయు ఆ బంధము దృఢముగా నున్న కాలము. ఆయన దానిని మంచిదనియే నమ్మెను, దాని వలన లాభమును పొందెను. ఆయనను మెచ్చుకొనువారు ఈ సంగతిని మరుగుపరచరాదు.

1917లో రికీ అదే నగరమందలి కార్డినల్స్ అను మరియొక జట్టునకు అధ్యక్షుడాయెను. మొదటి ప్రపంచయుద్ధపు చివర ఫ్రాన్సు దేశమున మేజరుగా పనిచేసి తిరిగివచ్చెను. కార్డినల్స్ జట్టు దరిద్రమైనది. చిన్న ఊళ్ల జట్లలో మంచి కుఱ్ఱవాడు కనబడినచో, రికీ చూచి మెచ్చుకొనులోపలనే న్యూయార్కు ధనికులు హెచ్చు ధర పెట్టి యెగరవేసికొని పోవుచుండిరి. అంతట ఆయన సేద్యగాని బిడ్డవలె ఆలోచించెను. అంగట ధాన్యము కొనలేనివాడు తానే పండించుకొనవలెను గదా! హ్యూస్టన్, ఫోర్ట్ స్మిత్, సిరక్యూస్ మొదలగు ఊళ్ల జట్లలో క్రమముగా భాగములు కొని, పదునెనిమిది పందొమ్మిదేండ్ల కుఱ్ఱవాండ్రను వందలకొలదిగా చేర్చుకొని, క్రింది జట్టునుండి పై జట్టునకు మెట్టు మెట్టుగా ఎక్కించెను. కొన్ని యేండ్లకు ఆయన చేతిక్రింద ముప్పదికి పైగా జట్లుండెను. ఈ యేర్పాటుకు జనులు పెట్టిన పేరే పొలము. నేడు ఆ దేశమున ప్రతి జట్టునకును అట్టి పొలమున్నది.

ఈ పొలమున మొలకలు చాల. కోతకు వచ్చునవి కొన్నియే. పైకి రాలేని యువకులు చాలీచాలని జీతముతో క్రింది జట్లలో ఏండ్లు గడపిరి. వేరొక జట్టువారు పిలిచినను పోవుటకు వీలు లేకుండెను. 1938లో ఆటకు కమీషనరైన న్యాయాధిపతి లాండిస్ విచారించి, రికీ చేతిక్రింద చిక్కుకొనియున్న డెబ్బదికి పైగా ఆటగాండ్రకు విడుదల యిప్పించెను. ఆ తీర్పు న్యాయమైనదేయని నా అభిప్రాయము.

1926వ సంవత్సరపు చలికాలపు కథ యీ వాదములన్నిటిలో తలమానికము వంటిది. అప్పటికి కార్డినల్స్ జట్టునకు యజమాని శామ్ బ్రెడన్. ఆయన 1925లో రికీని మేనేజరు పనినుండి తొలగించి, వ్యాపారవ్యవహారముల నప్పగించి, జట్టును రోజర్స్ హార్న్స్‌బీకి ఒప్పజెప్పెను. ఈ హార్న్స్‌బీ బ్యాటు పట్టినవారిలో ఆ కాలమునకు అగ్రగణ్యుడు. 1924లో వెయ్యింటికి 424 వంతున బంతిని కొట్టినవాడు. కండ్లు చెడునని సినిమాకు పోడు. మద్యము ముట్టడు, పొగ త్రాగడు. కాని గుఱ్ఱపు పందెములు విడువడు, నాలుకకు అదుపు లేదు. 1926వ సంవత్సరము అక్టోబరు 10వ తేదీన ఆయన నాయకత్వమున కార్డినల్స్ జట్టు న్యూయార్కు యాంకీలను ఓడించి మొట్టమొదటి పర్యాయము ప్రపంచ విజేత యాయెను. నగరము ఆనందమున ఉప్పొంగెను. డెబ్బదియొక్క దినములు గడచెను. హార్న్స్‌బీ మూడేండ్ల ఒడంబడిక, ఏటికి 50,000 డాలర్లు కావలెననెను. బ్రెడన్ ఒక్క యేటికే యిత్తుననెను. మాటలు ముదిరెను. డిశంబరు 20వ తేదీన, అనగా రికీ జన్మదినముననే, హార్న్స్‌బీని న్యూయార్కు జయంట్స్ జట్టునకిచ్చి, బదులుగా ఫ్రాంకీ ఫ్రిష్‌ను, జిమ్మీ రింగ్ అను పిచ్చరును తెచ్చుకొనిరి.

సెయింట్ లూయిస్ నగరవాసుల కోపమునకు మేర లేకపోయెను. విజయము తెచ్చిన సేనాపతిని రెండు నెలలలో అమ్ముకొన్నవారి మైదానములో ఇక కాలు పెట్టమని పలువురు ఒట్టుపెట్టుకొనిరి. నిర్ణయము బ్రెడన్‌దే, అయినను గొప్పవాని వెల తగ్గకమునుపే వానిని మార్చుకొనవలెనను సూత్రము రికీ దగుటచే నింద ఇరువురకును పంచబడెను. ఈ తగవున ఎవరి పక్షము నిజమాయెను? 1927లో హార్న్స్‌బీ 361 వంతున కొట్టెను. ఫ్రిష్ 337 వంతున కొట్టి నలువదియెనిమిది బేసులు దొంగిలించెను. కార్డినల్స్ జట్టు ఒకటిన్నర ఆట తేడాతో రెండవ స్థానమున నిలిచెను; జయంట్స్ దానికిని క్రిందుగా మూడవ స్థానమున నుండెను. మరుసటి జనవరిలో జయంట్స్ వారు హార్న్స్‌బీతో వేగలేక బోస్టనుకు పంపివేసిరి. ఫ్రిష్ మాత్రము 1928, 1930, 1931, 1934 సంవత్సరములలో నాలుగు పర్యాయములు లీగు విజయమున భాగియై, నాల్గవసారి తానే మేనేజరుగా నుండి ప్రపంచ విజయము సాధించెను. ఒట్టు పెట్టుకొన్నవారిలో మరల మైదానమునకు రానివారు బహు కొద్దిమందియే యుండవలెను.

1938లో డిజ్జీ డీన్ కథ యింకను చిత్రమైనది. 1934లో ముప్పది ఆటలు గెలిచిన ఆ పిచ్చరునకు 1937లో బంతి తగిలి కాలివ్రేలు విరిగెను. నొప్పిని తప్పించుకొన విసరు రీతిని మార్చగా భుజము చెడెను. రికీ ఆతనిని చికాగో కబ్స్ జట్టునకిచ్చి, ముగ్గురు ఆటగాండ్రను, 185,000 డాలర్ల రొక్కమును పుచ్చుకొనెను. కుంటిగుఱ్ఱమును పెద్ద వెలకు అంటగట్టెనని సెయింట్ లూయిస్ వారు నవ్విరి. అయితే ఆ సంవత్సరమే డీన్ ఏడు ఆటలు గెలిచి, ఒకటే ఓడి, చికాగో జట్టు లీగు విజయమునకు తోడ్పడెను. నవ్వినవారి నోళ్లు కొన్ని నెలలు మూతపడెను. అటుపిమ్మట ఆ భుజము మరల లేవలేదు.

ఆటగాండ్రను విక్రయింపగా వచ్చు లాభమునుండి జీతమునకు తోడు కొంత భాగము రికీకి చెందునట్లు ఒడంబడిక యుండెను. ఆదివారము మైదానమున అడుగిడనివాడు ఆదివారపు టిక్కెట్ల సొమ్మును ఏల లెక్కించుకొనుచున్నాడని పత్రికలవారు ఎత్తిపొడిచిరి. ఆటగాండ్రకు జీతములిచ్చుటలో ఆయన పిసినారి యనియు ప్రతీతి. ఈ నిందలకు ఆయన చాల పొడుగాటి సమాధానములు చెప్పెడివాడు. ఎదుటివాడు విని విని అలసి సంతకము పెట్టి పోవునట్టి వాగ్ధాటి ఆయనది.

1942లో ఆయన పెంచిన కార్డినల్స్ జట్టు 106 ఆటలు గెలిచి ప్రపంచ విజేత కాగా, ఆ యేటి చివరనే ఆయన బ్రెడన్‌ను విడిచి న్యూయార్కు నగరమందలి బ్రూక్లిను డాడ్జర్స్ జట్టునకు వచ్చెను. మరుసటి వేసవిని అభిమానులకు ప్రియుడైన డాల్ఫ్ కమిల్లీని బద్ధశత్రువులైన జయంట్స్ జట్టునకు మార్చగా, బ్రూక్లిను వారు రికీ దిష్టిబొమ్మను ఉరిదీసిరి. కమిల్లీయు ఆ జట్టున ఆడనని ఇంటికి పోయెను.

ఇప్పుడు ఆయన జీవితమందలి ముఖ్య కార్యమునకు వచ్చుచున్నాను. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమునుండి పెద్ద లీగులలో నల్లజాతివారు ఆడరాదను నిషేధముండెను. అది యెచ్చటను వ్రాయబడలేదు, అందరును పాటించిరి. రికీ యౌవనమున ఒహాయో వెస్లియను జట్టునకు శిక్షకుడుగా నున్నప్పుడు, చార్లెస్ థామస్ అను నల్లజాతి విద్యార్థికి సౌత్ బెండ్ నగరమందలి హోటలువారు గది యియ్యమనిరి. రికీ వాదించి తన గదిలోనే వానికి మంచము వేయించెను. ఆ రాత్రి ఆ యువకుడు తన చేతుల చర్మమును చూచుకొని, అది ఊడివచ్చినట్లైన బాగుండునని యేడ్చిన విధమును రికీ ముసలితనమువరకు చెప్పుకొనుచుండెను. దీనితోపాటు ఇంకొక సంగతియు నున్నది. నల్లజాతివారి లీగులలో గొప్ప ఆటగాండ్రనేకులుండిరి. వారిని తెచ్చుకొన్న జట్టు గెలుచును, టిక్కెట్లు అమ్ముడుపోవును. రికీ యీ రెండవ కారణమును దాచుకొనలేదు. ధర్మమును లాభమును ఒకే దారిని నడచినప్పుడు ఆయన రెంటిని వెంబడించెను. అందు తప్పేమియు నాకు కనబడదు.

1945వ సంవత్సరము ఆగష్టు 28వ తేదీన కాన్సస్ సిటీ మోనార్క్స్ జట్టుకు చెందిన జాకీ రాబిన్సన్ బ్రూక్లినులోని రికీ కార్యాలయమునకు వచ్చెను. మూడు గంటల సేపు రికీ తానే తిట్టు ప్రేక్షకుడై, గది లేదను హోటలు గుమాస్తాయై, కాలితో తన్ను ప్రత్యర్థియై నటించుచు, రాబిన్సన్ కోపము నణచుకొనగలడో లేదో పరీక్షించెను. తిరిగి కొట్టకుండుటకు వలయు ధైర్యము నీకు గలదా యనునదే ఆ పరీక్ష సారాంశము. నెలకు 600 డాలర్ల జీతము, 3,500 డాలర్ల బహుమానమునకు ఒప్పందము కుదిరెను. అక్టోబరు 23వ తేదీన దీనిని లోకమునకు ప్రకటించిరి. మోనార్క్స్ యజమానులకు మాత్రము రికీ ఒక్క డాలరైన ఇయ్యలేదు. వారికి కట్టుదిట్టమైన ఒడంబడిక లేదని ఆయన వాదము. 1947లో లారీ డోబీని తీసికొన్న క్లీవ్‌లాండ్ యజమాని నువార్కు జట్టువారికి సొమ్ము చెల్లించెను. ఆ మర్యాద రికీయు పాటించి యుండవలసినది.

1946లో మాంట్రియలులో ఆడి గెలిచి, 1947వ సంవత్సరము ఏప్రిల్ 15వ తేదీన రాబిన్సన్ బ్రూక్లిను మైదానమున అడుగిడెను. దానికి కొన్ని వారములు ముందుగానే దక్షిణ రాష్ట్రములకు చెందిన కొందరు డాడ్జర్స్ ఆటగాండ్రు అతనితో ఆడమని కూడబలుకుకొనిరి. వారిలో డిక్సీ వాకర్ అను నతడు ప్రముఖుడు. బ్రూక్లిను జనులు తమ బిడ్డవలె ప్రేమించిన ఆటగాడతడు. 1944లో లీగులో అందరికంటె మిన్నగా బ్యాటు చేసినవాడు. తన్ను వేరొక జట్టునకు పంపుమని వాకర్ రికీకి లేఖ వ్రాసెను. రికీ తొందరపడలేదు. తగిన వెల దొరకువరకు ఉంచి, ఆ సంవత్సరమంతయు ఆడించెను. వాకర్ రాబిన్సన్ ఇరువురును బాగుగా ఆడిరి. జట్టు లీగు విజేత యాయెను. రాబిన్సన్ ఆ యేటి క్రొత్త ఆటగాండ్రలో శ్రేష్ఠుడుగా ఎన్నబడెను.

డిశంబరు 8వ తేదీన వాకర్‌ను, మరి యిద్దరు పిచ్చర్లను పిట్సుబర్గు జట్టునకిచ్చి, రికీ ప్రీచర్ రో అను పిచ్చరును, బిల్లీ కాక్స్‌ను, జీన్ మాక్‌ను తెచ్చెను. మరల పొయ్యిల చుట్టును వాదములు రగిలెను. ఆ యేట నాలుగు ఆటలు గెలిచి పదునైదు ఓడిన రో కొరకు మా వాకర్‌ను విడుచుటయా యని బ్రూక్లిను వారు మండిపడిరి. అప్పటికి వాకరుకు ముప్పదియేడేండ్లు. అతడు పిట్సుబర్గున మరి రెండేండ్లు ఆడి విరమించెను. రో 1951లో ఇరువదిరెండు ఆటలు గెలిచి మూడే ఓడెను. కాక్స్ తన స్థానమున బంతి నాపుటయందు మేటియని పేరొందెను. ఆటలెక్క చూచినను రికీదే గెలుపు.

అయితే ప్రతి లెక్కయు అట్లు తేలలేదు. రాబిన్సన్‌కు స్థలము చేయుటకై 1948 మార్చిలో ఎడ్డీ స్టాంకీని బోస్టనుకు మార్చెను. ఫిలడెల్ఫియా వారు రాబిన్సన్‌ను దూషించినప్పుడు అడ్డుపడిన వాడీ స్టాంకీయే. ఆ సంవత్సరము బోస్టనే లీగు విజేత. బ్రూక్లిను మూడవ స్థానమున నిలిచెను.

1950లో వాటాదారుడైన వాల్టర్ ఓమాలీతో పొత్తు కుదరక రికీ తన భాగమును అమ్ముకొని పిట్సుబర్గు చేరెను. అచ్చట ఐదేండ్లును అపజయమే. 1952లో జట్టు 112 ఆటలు ఓడెను. ఏడేండ్లు వరుసగా లీగులో అందరికంటె ఎక్కువ హోమ్ రన్నులు కొట్టిన రాల్ఫ్ కైనరును 1953 జూనులో చికాగోకు మార్చగా, చూచుటకు మిగిలిన ఒక్కడును పోయెనని జనులు వాపోయిరి. కాని 1954 నవంబరులో రికీ జట్టువారు, బ్రూక్లిను వారు మాంట్రియలులో దాచియుంచిన ఒక పోర్టోరికో యువకుని నియమానుసారముగా 4,000 డాలర్లకు తీసికొనిరి. ఆతడే రాబర్టో క్లెమెంటే. 1960లో పిట్సుబర్గు ప్రపంచ విజేత యైనప్పుడు ఆతడు ఆ జట్టున నుండెను; రికీ మాత్రము ఆ యుద్యోగమును విడిచి అయిదేండ్లు కావచ్చినది.

1965వ సంవత్సరము నవంబరు 13వ తేదీన మిస్సోరి రాష్ట్రమందలి కొలంబియా నగరమున ఒక సన్మానసభలో, జబ్బుగా నుండియు లేచివచ్చి, ధైర్యమును గూర్చి బైబిలు కథ నొకదానిని చెప్పుచు రికీ నేలకొరగెను. మరల స్మృతి రాలేదు. డిశంబరు 9వ తేదీన, ఎనుబదినాలుగేండ్లు నిండుటకు పదునొకండు దినములుండగా, మరణించెను. ఒహాయోలోని రష్‌టౌను గ్రామమున, తాను పెరిగిన నేలకు చేరువనే సమాధి చేయబడెను. ఆయన మరణించిన ఆ దినముననే, ఆదివారము ఆడనన్నందుకు ఆయనను పూర్వము పంపివేసిన సిన్సినాటి జట్టువారు ఫ్రాంక్ రాబిన్సన్ అను నల్లజాతి యాటగానిని, ముప్పది యేండ్లకే ముసలివాడాయెనని తలంచి, బాల్టిమోరుకు మార్చిరి. మరుసటి యేట ఆతడు తన లీగున బ్యాటింగు గౌరవములు మూడింటిని గెలుచుకొనెను, బాల్టిమోరు ప్రపంచ విజేత యాయెను. ఆ మార్పిడిని గూర్చి సిన్సినాటి వృద్ధులు నేటికిని వాదించుకొందురు.